బరువున్న బండికే దారి

మా మామయ్య గురించి అడిగితే ఊళ్ళో ఎవరైనా మొదట చెప్పేది ఒకటే, పాత ఏటి దారి మీద వ్యాను నడిపేది ఆయనేనని. ఆ తర్వాత ఆయన మీసం గురించి చెబుతారు. బాగా తీరిక ఉంటే మా అత్తయ్య గురించి కూడా ఓ ముక్క చెబుతారు. ఈ వరస తలకిందులుగా ఉందని నా గట్టి అభిప్రాయం. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు కాబట్టి అడగకుండానే రాస్తున్నాను.

మామయ్య మా అమ్మకు తమ్ముడు. నేను పై ఊరి బళ్ళో పంతులమ్మను. సోమవారం పొద్దున్నే ఆయన వ్యాను ఎక్కి పైకి వెళతాను, శనివారం మధ్యాహ్నం అదే వ్యానులో దిగివస్తాను. పై ఊరికి కూరగాయలు, మందులు, ఉత్తరాలు, గ్యాసు బండలు, అలిగి వెళ్ళిన చుట్టాలు, అలక తీరి వచ్చే చుట్టాలు, అన్నీ ఆ వ్యానులోనే చేరాలి. అది ఆగిపోతే పై ఊరివాళ్ళు కాలినడకన దిగాలి, నేను కాలినడకన ఎక్కాలి. నడక మీద నాకు ఏమాత్రం ప్రేమ లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే, తర్వాత మొగుడూ పెళ్ళాల మధ్య నేనెందుకు తలదూర్చానో మీకు సందేహం రాదు.

ఆ దారి నిన్నమొన్నటిది కాదు. పైన కొండల్లో గని నడిచే కాలంలో, తవ్వింది కిందికి మోసుకురావడానికి ఏటి వెంబడి రాయి తొలిచి వేశారు. మోసేవి కంచరగాడిదలు. అవి రెండు పక్కపక్కన నడిస్తే చాలుననుకున్నారు, అంతే వెడల్పు వేశారు. ఒక పక్క కొండ, ఇంకో పక్క మోకాలెత్తు రాతిగోడ, ఆ గోడ అవతల చాలా కిందుగా ఏరు. గని ఏనాడో మూతపడింది. గాడిదలు పోయాయి, దారి మిగిలింది. వెడల్పు చేస్తామని రోడ్ల శాఖవాళ్ళు అంటారు. ఒక్క రాయి కదిపినా ఊరుకోమని పాత కట్టడాల శాఖవాళ్ళు అంటారు. వీళ్ళిద్దరి పట్టుదల మధ్య మేం బళ్ళు వెనక్కి తోలుకుంటూ బతుకుతున్నాం.

ఎందుకంటే, ఎదురుగా ఇంకో బండి వస్తే రెండింట్లో ఒకటి వెనక్కి వెళ్ళక తప్పదు. అక్కడక్కడా కొండను లోపలికి తొలిచి, ఒక బండి ఒదిగి నిలబడేంత చోటు చేశారు. దాన్ని మేం ఒదుగు అంటాం. ఒదుగుదాకా వెనక్కి వెళ్ళాల్సింది ఎవరన్నదానికి గాడిదల కాలంనాటి రూలు ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. బరువున్న బండికే దారి, ఖాళీ బండి వెనక్కి. గాడిదల వరకూ అది చక్కటి న్యాయం. ఏ గాడిద మీద మూట ఉందో కళ్ళకు కనబడుతుంది. వ్యాన్ల విషయంలో మాత్రం డ్రైవర్లిద్దరూ కిందికి దిగి, ఒకరి బండిలోకి ఒకరు తొంగిచూసి తేల్చుకోవాలి.

"నా దాంట్లో సిమెంటు."

"నా దాంట్లో మనుషులు."

"ఎక్కడ మనుషులు? అందరూ బక్కప్రాణాలే కదా."

"ఆ మూల కూర్చున్న టీచరమ్మను కూడా చూసి మాట్లాడు."

ఈ లెక్కల్లో నా పేరు వచ్చినప్పుడల్లా నేను ఏటివైపు తిరిగి ప్రకృతిని ఆస్వాదించేదాన్ని.

వెనక్కి వెళ్ళాల్సింది మామయ్యే అని తేలితే అప్పుడు అత్తయ్య దిగేది. డ్రైవరు పక్క సీటు ఆమెది. పెళ్ళయిన కొత్తలో ఓ రోజు సరదాకి ఎక్కిందట, మళ్ళీ ఆ సీటు వదల్లేదు. ఇంట్లో రెండు గదుల్లోనూ ఆమె ఊలు ఉండలూ ఆయన పానాలూ కలగలిసి దొర్లుతుంటాయి. బండిలోనూ అంతే. ఒళ్ళో ఏదో ఒక స్వెట్టరు సగం అల్లి ఉంటుంది. ఆ అల్లిక సీటు మీద పెట్టి, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి దోపుకుని, వాన ఉంటే గొడుగు తీసుకుని, బండి వెనక్కి వెళ్ళి గోడ పక్కన నిలబడేది. అరచేత్తో బండి రేకు మీద తడుతూ చెప్పేది.

"రానీ... రానీ... కొంచెం కొండవైపు... రానీ... చాలు."

ఒక తట్టు తడితే రమ్మని, రెండు తడితే ఆగమని. ఆమెది పెద్ద గొంతు కాదు. ఇంట్లో పిలిస్తే పక్క గదిలోకి వినబడదు. ఏటి హోరులో మాత్రం ఒక్క ముక్క పొల్లుపోయేది కాదు. బండి ఒదుగులోకి వెళ్ళాక ఎదుటి డ్రైవరు దాటిపోతూ మామయ్యకు సలాం కొట్టేవాడు. మామయ్య మీసం సవరించుకునేవాడు. అత్తయ్య తడిసిన కాళ్ళు పట్టాకు తుడుచుకుని ఎక్కి కూర్చునేది. ఫొటోలు తీసుకోవడానికి వచ్చే యాత్రికులు కూడా మామయ్యను బండి ముందు నిలబెట్టి తీసేవాళ్ళు. వాళ్ళ సంచులు అత్తయ్య పట్టుకునేది.

మామయ్య చెడ్డవాడేం కాదు. పొద్దున్నే బండి అద్దం తుడుస్తూ దానితో మాట్లాడతాడు. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా పిలిచిన గంటకు బండి తెస్తాడు. దారిలో ఎదురుపడి గొడవపడ్డవాడికే సాయంత్రం టీ ఇప్పిస్తాడు. ఆయనకున్న జబ్బు ఒకటే. నలుగురు చేరి చూస్తుంటే నాలుక అదుపులో ఉండదు.

అది ముదిరింది పంచరు షాపు దగ్గర. ఏటి దారి మొదట్లో ఉంటుందా షాపు. టైరు ట్యూబు తొట్టి నీళ్ళలో బుడగలు వేస్తోంది. డ్రైవర్లు బెంచీ మీద వరసగా కూర్చున్నారు. మెడలో కెమెరా వేసుకున్న ఒక యాత్రికుడు మామయ్యను అడిగాడు, ఇంత పొడుగు బండిని ఆ సందులో వెనక్కి ఎలా తీసుకుపోతారండీ అని. మామయ్య కాలు మీద కాలు వేసుకున్నాడు.

"అది చేతిలో ఉండాల్సిన విద్య బాబూ. ఇన్నేళ్ళలో ఒకరి సాయం ఎరగను."

అత్తయ్య సరిగ్గా ఆయన వెనకాలే ఉంది. ఆయన కోసం టీ తెచ్చింది. ఆ గ్లాసు బెంచీ మీద పెట్టి, బండిలోంచి తన అల్లికా గొడుగూ తీసుకుని ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. నేను వెనక సీట్లోంచి అంతా చూశాను. ఆయనకు చెప్పలేదు. నేనెందుకు చెప్పాలి?

ట్యూబు అతికించాక బయల్దేరాం. రెండో మలుపులో పాలవ్యాను ఎదురైంది, నిండుగా పాల క్యాన్లతో. ఆ డ్రైవరు మనిషి దిట్టం, నోరు అంతకంటే దిట్టం. తూచాల్సిన పనే లేదు, వెనక్కి మేమే.

"దిగవే," అన్నాడు మామయ్య రోడ్డు మీదే చూపు పెట్టి. పక్క సీటు పలకలేదు. అప్పుడు చూశాడు.

"మీ అత్తయ్య ఏదీ?"

"ఇంటికి పోయింది మామయ్యా. చేతిలో విద్య ఉందన్నావుగా, కానీ."

ఆయన స్టీరింగు పట్టుకుని అలా ఉండిపోయాడు. మెడ వెనక చెమట పట్టింది. వెనక్కి ఒకసారి తిరిగి చూసి, చటుక్కున ముందుకు తిరిగాడు. చివరికి తల బయటపెట్టి బ్రేకు పట్టడం లేదని అబద్ధం చెప్పాడు. పాలవ్యాను డ్రైవరు అంత బరువుతోనూ తనే వెనక్కి పోయాడు, పోతూ పోతూ నోటికొచ్చిన మాటలన్నీ అన్నాడు. సాయంత్రానికి ఆ కబురు రెండు ఊళ్ళలోనూ పాకింది.

తర్వాతి సోమవారం నేను వ్యాను ఎక్కబోతే కాలు పెట్టే చోటు లేదు. సీట్ల కింద, నడిచే సందులో, తలుపు పక్కన, ఎక్కడ చూసినా బస్తాలు.

"ఇవేంటి మామయ్యా?"

"ఇసుక."

"అది కనబడుతోంది. ఎవరికి?"

"పైన ఒకాయన ఇల్లు కడుతున్నాడు."

శనివారం దిగేటప్పుడు కూడా అవే బస్తాలు అక్కడే ఉన్నాయి.

"పైన ఆయన ఇల్లు కట్టడం మానేశాడా?"

"కింద ఇంకొకాయన మొదలుపెట్టాడు."

అప్పుడు నాకు వెలిగింది. ఇసుకతో వచ్చే బండికంటే బరువైన బండి ఏటి దారి మీద లేదు. సిమెంటువాడు వెనక్కి పోయాడు. పాలవ్యానువాడు పళ్ళు నూరుతూ వెనక్కి పోయాడు. మామయ్య మాత్రం ఎంచక్కా ముందుకే పోయాడు. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్న ప్రయాణికులం మేం, ఎత్తు రాగానే దిగి బండిని తోసేవాళ్ళం. పై ఊరి నర్సమ్మ మందుల పెట్టె తల మీద పెట్టుకుని ప్రయాణం చేసింది. ఒకరోజు స్ప్రింగు కట్ట విరిగి, బండి ఒక పక్కకు ఒరిగి కుంటుతూ ఊరు చేరింది. మెకానిక్కు దాని కిందికి దూరి చూసి, బయటికొచ్చి, బస్తాలు లెక్కపెట్టి, మామయ్య మొహం చూసి ఏమీ అడక్కుండా చేతులు కడుక్కున్నాడు. వింతేమిటంటే ఆయన గొడవేమిటో అందరికీ తెలుసు. తెలిసినవాళ్ళెవరూ ఆయన మొహం మీద అనలేదు. మామయ్య కూడా ఎవరికీ తెలియదనే ధీమాతో మీసం దువ్వుకుంటూ తిరిగాడు.

ఈ వేషం ఇంకెన్నాళ్ళు సాగేదో గానీ, పంచరు షాపు గోడ మీద రోడ్ల శాఖ కాగితం అతికించారు. ఏటి దారి మీద పెద్ద బళ్ళు తిప్పేవాళ్ళందరికీ పర్మిట్లు కొత్తగా ఇస్తారట. దానికో పరీక్ష. రాతి వంతెన దగ్గర నుంచి కింది ఒదుగుదాకా బండిని వెనక్కి తోలి చూపించాలి. బండిలో సామాను ఉండకూడదు. తప్పితే పర్మిట్టు లేదు, పర్మిట్టు లేకపోతే ఆ దారి మీద బండి తిరగదు.

మామయ్య ఆ కాగితం చదివి, రూలు బాగానే ఉందన్నాడు. ఆ సాయంత్రం సంత మైదానంలో ఖాళీ డ్రమ్ములు రెండు వరసలుగా పెట్టి, వాటి మధ్యన బండిని వెనక్కి తోలుతూ కనిపించాడు. నేను నిలబడి చూశాను. ఒక్క డ్రమ్ముకు రేకు తగల్లేదు. పెరుగులో వేలు పెట్టినంత మెత్తగా వెళ్ళింది బండి.

"బంగారంలా తోలుతున్నావు కదా. ఇంకేమిటి నీ బాధ?"

"డ్రమ్ములు వేరు," అన్నాడు. బండిని మళ్ళీ వరస మొదటికి తెచ్చుకున్నాడు.

నేను తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను. అత్తయ్య వంటింట్లో చెంచాలన్నీ ముందేసుకుని ఒక్కొక్కటే తోముతోంది. నెల రోజులుగా ఇంట్లో ఉండి ఉండి ఆమె తోమని వస్తువు లేదు. కిటికీ ఊచలు కూడా మెరుస్తున్నాయి.

"మామయ్య సారీ చెప్పాడట కదా అత్తా."

"చెప్పాడు. రోజూ చెబుతున్నాడు. వంటింట్లో చెప్పాడు, పెరట్లో చెప్పాడు. మొన్న నేను స్నానం చేస్తుంటే తలుపవతల నిలబడి చెప్పాడు."

"మరి?"

"ఇంట్లో వినడానికి ఎవరున్నారే? నేనే. నాకు తెలియని సంగతా అది?"

నాకు నవ్వొచ్చింది, ఆమెకు రాలేదు.

"అన్నది నలుగుర్లో. చెప్పాల్సిందీ నలుగుర్లోనే," అంది చెంచా పక్కన పెట్టి. "వానకు తడిశాను, ఎండకు మాడాను. నన్నెవరూ పొగడక్కర్లేదు. కానీ నేను అసలు లేనే లేనన్నట్టు మాట్లాడాడు చూడు, అది నాకు లోపల గుచ్చుకుంది."

"పర్మిట్టు పోతే ఇల్లు ఎలా గడుస్తుంది అత్తా?"

"అది నాకు తెలియదనుకున్నావా? అడగమను, వస్తాను. అడగని సాయం చేసీ చేసీ ఇక్కడిదాకా తెచ్చుకున్నాను. ఈసారి మాత్రం అడిగితేనే." కళ్ళు తుడుచుకుని మళ్ళీ చెంచా అందుకుంది. ఆమె పక్కన కూర్చుని నేనూ రెండు చెంచాలు తోమాను.

మామయ్యకు ఈ కబురు మోసుకెళ్ళాను. ఆయన చాలాసేపు మీసం కొస నములుతూ కూర్చున్నాడు.

"నలుగుర్లోనా? పాలవ్యానువాడు కూడా ఉంటాడే అక్కడ."

"ఉంటాడు."

"మీసం తీసేయమంటే తీసేస్తాను. అది చెప్పమనకు."

"మీసంతో ఆమెకేం పని మామయ్యా," అని వచ్చేశాను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రి పడుకునే ముందు, నడవడానికి పనికొచ్చే చెప్పులు ఎక్కడున్నాయో వెతికి పెట్టుకున్నాను.

పరీక్ష రోజు రాతి వంతెన దగ్గర సంతలా జనం. డ్రైవర్లు, పంచరు షాపు ఆయన, మెకానిక్కు, నర్సమ్మ, పై ఊరివాళ్ళు సగం మంది. రోడ్ల శాఖ అధికారి జలుబుతో వచ్చాడు. మఫ్లరు చుట్టుకుని, ఒక చేత్తో రుమాలు, ఇంకో చేత్తో అట్ట మీద కాగితాలు పట్టుకుని, తుమ్ముకూ తుమ్ముకూ మధ్య ఆజ్ఞలు ఇస్తున్నాడు. అత్తయ్య మా వీధి ఆడవాళ్ళతో కలిసి నడిచి వచ్చింది. గోడ వారగా నిలబడి స్వెట్టరు అల్లుకుంటోంది, పరీక్ష ఎవరిదో తనకు తెలియనట్టు.

మొదట పాలవ్యాను వెళ్ళింది. ఆ డ్రైవరు ఒక చెయ్యి కిటికీ మీద వేసి, ఒంటి చేత్తో స్టీరింగు తిప్పుతూ, ఈల వేసుకుంటూ ఒదుగులోకి దూసుకుపోయాడు. జనం చప్పట్లు కొట్టారు. అధికారి తుమ్మి ఏదో రాసుకున్నాడు. తర్వాత సిమెంటు బండి. అదీ నెమ్మదిగా, ఎక్కడా తగలకుండా వెళ్ళింది. అధికారి మళ్ళీ రాసుకున్నాడు.

మామయ్య వంతు వచ్చింది. ప్రయాణికుల బండి కాబట్టి లోపల ఒక ప్రయాణికుడు కూర్చుని కుదుపు ఎలా ఉందో చెప్పాలన్నాడు అధికారి. అందరూ నావైపు చూశారు. ఇసుక బస్తాలు కుదరనప్పుడు మిగిలిన బరువు నేనే కదా మరి. పక్క సీట్లో, అత్తయ్య చోట్లో కూర్చున్నాను.

మామయ్య ఇంజను వేశాడు. రివర్సు గేరు వేశాడు. వెనక్కి తిరిగి చూశాడు. అంతే, చెయ్యి గేరు మీదే బిగుసుకుంది. ఇంజను గుర్రుగుర్రుమంటోంది, బండి కదలదు. బయట గుసగుసలు మొదలయ్యాయి. ఆయన పెదవులు తెల్లబడటం నేను చూశాను. నవ్వుదామని సిద్ధంగా తెచ్చుకున్న మాటలన్నీ మర్చిపోయాను. నాకు భయమేసింది, ఆయన కోసం.

ఆయన ఇంజను ఆపేసి దిగాడు. అధికారి దగ్గరికి వెళ్ళాడు. మాట్లాడింది ఆయనతోనే గానీ, చూసింది మాత్రం గోడ వారగా ఉన్న స్వెట్టరును.

"సార్, ఈ దారి మీద వెనక్కి తోలడం నాకు చేతకాదు."

పాలవ్యాను డ్రైవరు గట్టిగా నవ్వాడు. మామయ్య ఆగలేదు.

"ఇన్నేళ్ళూ తోలింది మా ఆవిడ. నేను స్టీరింగు తిప్పాను, అంతే. ఆమె వెనకాల నిలబడి రమ్మంటే వచ్చాను, ఆగమంటే ఆగాను. ఎవరి సాయం ఎరగనని పంచరు షాపు దగ్గర కోతలు కోశాను చూడండి, అది పచ్చి అబద్ధం. ఆమె లేకపోతే ఈ బండి ఎప్పుడో ఏట్లో ఉండేది. నేనూ అందులోనే ఉండేవాణ్ణి." అప్పుడు అత్తయ్యవైపు పూర్తిగా తిరిగాడు. "కాస్త వచ్చి సాయం చెయ్యవే. నువ్వు లేకపోతే నావల్ల కాదు."

అధికారి రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వెనక మనిషి లేకుండా ఇంత పొడుగు బండిని ఈ దారి మీద వెనక్కి తోలకూడదండీ. రూలే అది. పొద్దుటి నుంచీ ఒక్కరైనా అడుగుతారేమోనని చూస్తున్నాను."

పాలవ్యాను డ్రైవరు నవ్వు మధ్యలో ఆగింది. "మరి నేను బాగానే తోలాను కదా సార్?"

"బాగా తోలారు. వెనక ఎవరైనా అడ్డం వచ్చి ఉంటే? మనిషిని వెంటబెట్టుకుని మళ్ళీ రండి."

"ఇంటావిణ్ణి తెచ్చుకో," అన్నారెవరో.

"ఆవిడ రాదు," అన్నాడు పాలవ్యాను డ్రైవరు నీరసంగా. వంతెన వంతెనంతా నవ్వింది, కాసేపటికి ఆయన కూడా నవ్వాడు.

అందరి కళ్ళూ అత్తయ్య మీద పడ్డాయి. ఆమె తొందరపడలేదు. వరస చివరిదాకా అల్లి, సూదులు ఉండలోకి గుచ్చి, పక్కావిడ చేతికిచ్చి, అప్పుడు నడిచి వచ్చింది.

"సార్, ఈయన అన్నది అందరికీ వినబడిందంటారా? ఏరు హోరుమంటోంది."

"నాకు వినబడిందమ్మా."

"అదిగో, ఆ వెనకున్నవాళ్ళకి?"

"వినబడలేదక్కా," అని పంచరు షాపు ఆయన వెనక నుంచి కేకేశాడు. "ఒక్క ముక్క వినబళ్ళేదు. ఇంకోసారి చెప్పించు."

మామయ్య మొదటి నుంచి చివరిదాకా ఇంకోసారి చెప్పాడు. ఈసారి గొంతెత్తి, ఏటి అవతలి గట్టుకు కూడా వినబడేలా. పంచరు షాపు దగ్గర అన్న మాట దగ్గరకొచ్చేసరికి ఒక తిట్టు కూడా కలిపాడు, తనకే. అత్తయ్య మొత్తం విని తల ఊపింది. నెల రోజుల తర్వాత ఆమె మొహంలో నవ్వు చూశాను. కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని బండి వెనక్కి వెళ్ళింది. అధికారి కూడా ఆమె పక్కకు వెళ్ళి నిలబడ్డాడు.

మామయ్య ఎక్కి ఇంజను వేశాడు. రేకు మీద ఒక తట్టు వినబడింది.

"రానీ... రానీ..."

బండి కదిలింది. హమ్మయ్య అనుకుని ఆయనవైపు తిరిగాను. ఆయన కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని ఉన్నాయి.

నా పైప్రాణాలు పైనే పోయాయి. "మామయ్యా, కళ్ళు."

"మాట్లాడకు. వినాలి."

"కళ్ళు తెరువు మామయ్యా."

"తెరిస్తే ఏరు కనబడుతుంది." స్టీరింగు కొంచెం తిప్పాడు, వెనక నుంచి కొండవైపు అన్న మాట వచ్చిన చోటే. "ముందుకు వెళ్ళేటప్పుడు ఏం కాదు. వెనక్కి చూస్తే మాత్రం ఆ లోతు చూసి చేతులు బిగుసుకుపోతాయి. మొదటి ఏడాది నుంచీ అంతే."

"అత్తయ్యకు తెలుసా?"

"మూసుకోమని చెప్పిందే ఆమె. నేను చూస్తాగా, మీరెందుకు చూడటం అంది. ఆ రోజు నుంచి చూళ్ళేదు."

ఇన్నేళ్ళూ ఆమె ఆ సంగతి ఒక్కరికి చెప్పలేదు. పంచరు షాపు దగ్గర ఆ గ్లాసు కింద పెట్టేటప్పుడు ఒక్క మాట అంటే చాలు, ఆయన మీసం అక్కడే వాలిపోయేది. అనలేదు. చెంచాలు తోముతూ నాతో అన్నన్ని మాటలన్నా, ఆ ఒక్కటీ అనలేదు.

బయట ఆ సన్నటి గొంతు ఏటి హోరు మీదుగా తేటగా వినబడుతోంది. రానీ, కొంచెం కొండవైపు, రానీ. సీటుకు వెనక్కి ఆనుకుని నేను కూడా కళ్ళు మూసుకున్నాను. కుదుపు ఏమీ లేదు, భయమూ లేదు. రేకు మీద రెండు తట్లు వినబడ్డాకే మేం ఒదుగులోకి చేరామని తెలిసింది.